జర్మనీ ట్రైనింగ్‌కు వెళ్లే ముందు: డబ్బు, కాగితాలు, భాష

దేవరకొండ, మిర్యాలగూడ, నారాయణపేట, నాగర్‌కర్నూల్ వైపు నర్సింగ్, ఐటీఐ పిల్లలు ఈమధ్య జర్మనీలో 'ఔస్‌బిల్డుంగ్' గురించి బాగా అడుగుతున్నారు. జీతం ఇస్తూ పని నేర్పే శిక్షణ అది. నర్సింగ్‌కు మూడేళ్లు పడుతుంది. దారి మంచిదే. కానీ పాలమూరులో వలస ఎరగని ఊరు లేదు, అప్పు చేసి దూరం పోయిన మనిషి ఇల్లు ఎట్లుంటుందో మనకు తెలుసు. అందుకే ముందే చెప్తున్నా: ఒప్పంద పత్రం చేతికి రాకముందు ఎకరం అమ్మకండి, ఎవరికీ లక్షలు కట్టకండి.

ఈ శిక్షణలో జీతం ఇచ్చేది ఆసుపత్రే. కాబట్టి "సీటుకు ఇన్ని లక్షలు" అని ఎవరన్నా అంటే, దేనికెంతో కాగితం మీద రాసిమ్మనండి. కోచింగ్, పరీక్ష, వీసా, టికెట్ ఖర్చులు నిజమే. వాటికి విడివిడిగా రసీదులు ఉండాలి. ఏజెంట్‌కు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఉద్యోగాలకు పంపే లైసెన్సు ఏజెంట్ మన దగ్గర తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మనీ, జపాన్ లాంటి దేశాలకు మనుషులను పంపుతుంది. ప్రైవేటు ఆఫీసు మెట్లెక్కే ముందు అక్కడ అడగండి. "విజిట్ వీసా మీద పోదాం, అక్కడికి పోయాక మార్చుకుందాం" అనే మాట వస్తే లేచి వచ్చేయండి.

ఎక్కువ మందిని ఆపేది పేర్ల చిక్కు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. తండాల పిల్లలకైతే ఒకచోట ఇంటిపేరు, ఇంకోచోట నాయక్. పెళ్లైన అమ్మాయిలకు భర్త ఇంటిపేరు ఒక్క కార్డులో మాత్రమే మారి ఉంటుంది. అన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిపోయేలా మార్చుకుంటే పని తేలిక. ఇంట్లో కాన్పు అయి, జనన ధ్రువపత్రం లేనివాళ్లు ఇంకా ముందే మొదలుపెట్టాలి. పంచాయతీలో నమోదు లేదని కాగితం తీసుకోవడం, ఆర్డీవో ఆర్డర్ కోసం తిరగడం వారంలో తేలే పని కాదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకున్నవాళ్లు యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ డిగ్రీ కూడా ఇప్పుడే తెచ్చుకోండి.

భాషకు అడ్డదారి లేదు. నర్సింగ్ శిక్షణకు జర్మన్ భాషలో బీ1 స్థాయి గానీ, చాలాచోట్ల దానిపై మెట్టు బీ2 గానీ అడుగుతారు. ఏమీ రాని స్థితి నుంచి అక్కడికి చేరడానికి దాదాపు ఏడాది చదువు పడుతుంది. "సర్టిఫికెట్ మేం చూసుకుంటాం" అనేవాళ్లను నమ్మకండి. మంచం మీదున్న రోగి ఎక్కడ నొప్పో చెబితే అర్థం చేసుకోవాల్సింది మీరే.

ఒప్పందంలో జీతం రాసిన చోట ఆగి చదవండి. ప్రభుత్వ ఆసుపత్రుల వేతన ఒప్పందం వర్తించే చోట మొదటి ఏడాదే నెలకు 1,300 యూరోలు దాటుతుంది. అందులోంచి బీమా, పింఛను, పన్ను కోతలు పోతాయి, తర్వాత గది అద్దె, తిండి. మిగిలినదానితో వడ్డీ కట్టగలరా? రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు వడ్డీకే పోతుంది, అసలు అట్లనే ఉంటుంది. మధ్యలో మానేస్తే కోచింగ్ డబ్బు తిరిగి కట్టాలనే షరతు ఉందేమో కూడా చూడండి.

సామాన్ల గురించి పెద్దగా టెన్షన్ వద్దు. యూరప్‌లోకి పాల, మాంసం పదార్థాలు తీసుకెళ్లనివ్వరు కాబట్టి నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే ఉంచండి. మామిడికాయ పచ్చడి గట్టిగా మూసి పెద్ద బ్యాగులో పెట్టండి. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీ ఇంగ్లిష్‌లో రాయించుకోండి.

వెళ్లే ముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు, ఆసుపత్రి పేరు, ఉండే చోటు అడ్రసు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. అమ్మకు ఫోన్ వాడటం రాకపోతే, ఆ కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఆమెకు తెలిసేలా చెప్పండి.