మూసుకుపోయిన పగులును ఊపి పట్టుకోవడం ఎలా

సంతలో కుండ కొనేటప్పుడు వేలితో ఒకసారి కొట్టి చూస్తాం కదా, ఖంగుమంటే సరే, బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తాం. లోహంలో దాక్కున్న పగులును పట్టడానికి ఇప్పుడు చెప్పబోయేది కూడా దాదాపు అదే, కాకపోతే ఇక్కడ రెండు శబ్దాలు ఒకేసారి పంపి, ఒకటి రెండోదాన్ని మారుస్తోందా అని చూస్తాం.

మామూలు యూటీ (అల్ట్రాసోనిక్ టెస్టింగ్, చెవికి వినపడని శబ్ద తరంగాన్ని లోహంలోకి పంపి పరీక్షించడం) ఉండగా ఇదంతా ఎందుకంటే, పగులు నోరు తెరుచుకుని ఉంటే మధ్యలో గాలి ఉంటుంది, తరంగం దానికి తగిలి వెనక్కొస్తుంది, స్క్రీన్ మీద ఎకో కనిపిస్తుంది. ఫెటీగ్ వల్ల, అంటే పదే పదే లోడ్ పడి లోహం అలసిపోవడం వల్ల, వచ్చిన సన్న పగులు అలా కాదు, లోడ్ తీయగానే మూసుకుంటుంది, రెండు ముఖాలూ ఆనుకుని ఉండటంతో తరంగం చాలావరకు దాటిపోతుంది. కానీ ఆ ముక్కను ఊపితే పగులు ముఖాలు దగ్గరవుతూ దూరమవుతూ ఉంటాయి, దాంతో దాటే తరంగం కూడా అదే లయలో హెచ్చుతగ్గులవుతుంది. 1 కిలోహెర్ట్జ్‌తో ఊపుతూ 100 కిలోహెర్ట్జ్ తరంగం పంపారనుకోండి, స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్‌లో, 100 పక్కన 99, 101 దగ్గర చిన్న గీతలు లేస్తాయి. వాటినే సైడ్‌బ్యాండ్‌లు అంటాం.

ముందు శాంపిల్ సంగతి. హ్యాక్సా బ్లేడుతో గాటు పెట్టి సైడ్‌బ్యాండ్‌లు రావట్లేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది, నేనూ ఒక వారం అలాగే పోగొట్టుకున్నాను. గాటు ముఖాలు తాకవు కాబట్టి అది పగులు కింద లెక్కే కాదు. చిన్న గాటు పెట్టి, దాని కొన నుంచి పగులు పుట్టేదాకా మెషీన్ మీద వంచుతూ ఉండాలి. అదే సైజులో పగులు లేని ముక్క ఇంకొకటి కూడా ఉంచుకోండి.

అల్యూమినియం పట్టీ మీద పీజో బిళ్లలు (కరెంటు సిగ్నల్‌ను కంపనంగా, కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేవి) రెండు అతికించండి, ఒకటి పంపడానికి, ఒకటి వినడానికి. ఊపడానికి అలాంటి బిళ్లలు పేర్చిన పీజో స్టాక్ ఒకటి. గ్రీజు, జెల్ వద్దు, ఎపాక్సీ పెట్టి రాత్రంతా ఆరనివ్వండి, ఎందుకంటే సగం ఊడిన జిగురు కూడా అచ్చం పగులులాగే ప్రవర్తిస్తుంది. పట్టీని బల్ల మీద పెట్టకుండా రెండు దారాలతో వేలాడదీయండి. రెండు సిగ్నళ్లకూ వేర్వేరు యాంప్లిఫయర్లు తప్పనిసరి, రెండూ ఒకదాంట్లో కలిపితే అక్కడే సైడ్‌బ్యాండ్‌లు పుట్టేస్తాయి.

ఊపే ఫ్రీక్వెన్సీని నెమ్మదిగా తిప్పుతూ పట్టీ అన్నిటికన్నా గట్టిగా కంపించే ఫ్రీక్వెన్సీని, అంటే రెజొనెన్స్‌ను, వెతకండి, అక్కడ ఆపండి. 100 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ను సెకనుకు 10 లక్షల శాంపిళ్ల చొప్పున 0.1 సెకను రికార్డు చేస్తే ఎఫ్‌ఎఫ్‌టీలో (రికార్డును స్పెక్ట్రమ్‌గా మార్చే లెక్కలో) 10 హెర్ట్జ్ తేడా కనిపిస్తుంది, అది చాలు. ఆ లెక్కకు ముందు రికార్డు రెండు చివర్లనూ నెమ్మదిగా సున్నాకు దించే విండో ఒకటి ఎంచుకోవాలి, అది హానింగ్ పెట్టండి. రికార్డు చేసే స్కోప్ 8 బిట్లదైతే అది చూపగల పెద్ద, చిన్న సిగ్నళ్ల మధ్య పరిధి 48 డెసిబెల్స్ దగ్గరే, 12 బిట్లది దొరికితే 72 దాకా వస్తుంది, పైగా చాలా రికార్డులు తీసి యావరేజింగ్ చేస్తే నాయిస్ ఇంకా దిగుతుంది.

సైడ్‌బ్యాండ్ కనిపించగానే సంబరపడకండి, అసలు పని అక్కడే మొదలవుతుంది. ఊపుడు ఆపేసి చూస్తే గీతలు పోతాయి, నిజమే, కానీ యాంప్లిఫయర్‌లో పుట్టినవైనా పోతాయి కదా, దాంతో ఏమీ తేలదు. నేను చేసేదేంటంటే, వోల్టేజీ ముట్టుకోకుండా ఊపే ఫ్రీక్వెన్సీని రెజొనెన్స్ నుంచి కొంచెం పక్కకు జరుపుతాను. పట్టీ కంపనం తగ్గిపోతుంది కాబట్టి పగులు గీతలు టక్కున పడిపోతాయి, కరెంటు దారిలో పుట్టినవైతే కదలకుండా అక్కడే ఉంటాయి. ఆ తర్వాత మంచి ముక్క మీద కూడా ఇదంతా చేసి, రెండింట్లోనూ సైడ్‌బ్యాండ్ అసలు గీత కంటే ఎన్ని డెసిబెల్స్ కింద ఉందో పోల్చండి.

సెకండ్ హార్మోనిక్ పద్ధతి కూడా ఉంది, పంపినదానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర, అంటే 5 మెగాహెర్ట్జ్ పంపి 10 దగ్గర, వినడం. అల్యూమినియంలో దాన్ని బ్రీజీల్, థాంప్సన్ అనే పరిశోధకులు 1963లోనే చూపించారు. అయితే పగులు లేని లోహం కూడా ఎంతో కొంత హార్మోనిక్ ఇస్తుంది. లోహం అలసటను కొలవడానికి అది బాగుంటుంది, పగులు ఉందా లేదా అని అడిగితే మాత్రం నా ఓటు సైడ్‌బ్యాండ్‌లకే.

ఈ పద్ధతిలో పగులు ఉందని తెలుస్తుంది కానీ ఎక్కడుందో సూటిగా తెలియదు. ఇంకో రెండు మూడు రెజొనెన్స్‌లలో ఊపి చూడండి, ఒక్కో రెజొనెన్స్‌లో పట్టీ ఒక్కో తీరుగా వంగుతుంది, ఆ తీరునే మోడ్ అంటాం, ఏ మోడ్‌లో సైడ్‌బ్యాండ్ దాదాపు మాయమైందో ఆ మోడ్‌లో పట్టీ వంగని చోట్లను అనుమానించాలి. ఆ చోటు దగ్గర పట్టీని క్లాంప్‌తో కొద్దిగా వంచి పట్టుకుని మామూలు యూటీ ప్రోబ్ పెట్టండి, పగులు నోరు తెరుచుకుంటే ఇందాక కనిపించని ఎకో ఇప్పుడు స్క్రీన్ మీదికి వస్తుంది.