మన ఎమ్మెల్యే ఓటుకు 159 విలువ ఎలా వచ్చింది? రాష్ట్రపతి ఎన్నిక లెక్క వేసే పద్ధతి

రాష్ట్రపతి ఎన్నిక రోజున తిరుపతి ఓటరు పోలింగ్ కేంద్రానికి వెళ్లనక్కరలేదు; తాను గెలిపించిన ఎమ్మెల్యే, ఎంపీలే తన బదులు ఓటు వేస్తారు. ఆ ఓటు బరువెంతో తేల్చడానికి కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

ముందుగా ఓటు హక్కు ఎవరికుందో రాసుకోవాలి. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయసభలకు, రాష్ట్రాల శాసనసభలకు, ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభలకు ఎన్నికైన సభ్యులు మాత్రమే ఓటర్లు. నామినేటెడ్ సభ్యులకు, ఎమ్మెల్సీలకు ఈ ఓటు లేదు. గ్రూప్స్‌కు చదివేవారు పొరపడే అవకాశం ఉన్నది ఇక్కడే.

ఇక అసలు లెక్క. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగించాలి. శేషం 500కు తగ్గకపోతే ఒకటి కలపాలి. జనాభా అంటే ఇప్పటిది కాదు, 1971 జనాభా లెక్కలది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని ఆ ఏడాది దగ్గరే ఆపారు కనుక, ఆ తర్వాత పుట్టిన తిరుపతివాసులెవరూ ఈ లెక్కలోకి రారు. ఆంధ్రప్రదేశ్‌కు లెక్కించే జనాభా 2,78,00,586. దాన్ని 175తో భాగిస్తే సుమారు 1,58,860, వెయ్యితో భాగిస్తే 158 పోను 860 మిగులుతుంది. కనుక విలువ 159. ఉమ్మడి రాష్ట్రంలో ఇది 148 ఉండేది. విభజన తర్వాత మనకు పెరిగి, తెలంగాణకు 132కు తగ్గింది. ఒక్కో ఎమ్మెల్యేకు వచ్చే సగటు జనాభా రెండుచోట్లా వేరు కావడమే అందుకు కారణం. కుప్పమైనా తిరుపతైనా రాష్ట్రంలో ఏ ఎమ్మెల్యే ఓటుకైనా విలువ ఒక్కటే, నియోజకవర్గంలో ఎంతమంది ఓటర్లున్నా సరే. పాత చిత్తూరు జిల్లా 14 స్థానాలకు కలిపి 2,226 అవుతుంది.

ఎంపీ ఓటు విలువకు దేశంలోని ఎమ్మెల్యేల ఓట్ల మొత్తం విలువను ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగించాలి. 2022లో 5,43,231ని 776తో భాగిస్తే 700 వచ్చింది. అంటే పాత జిల్లా ఎమ్మెల్యేలందరూ కలిసినా ముగ్గురు ఎంపీలను కాస్త మించుతారంతే.

ఓటింగ్ రహస్యంగా జరుగుతుంది. పార్టీ విప్ వర్తించదు. ఎన్నికల సంఘం ఇచ్చిన పెన్నుతోనే అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయాలి. 1 తప్పనిసరి, అది లేకుంటే ఓటు చెల్లదు. మిగతావి సభ్యుని ఇష్టం.

గెలుపుకు చెల్లిన ఓట్ల మొత్తం విలువలో సగం తీసుకుని ఒకటి కలపాలి. 2022లో ఆ గీత 5,28,491. ద్రౌపదీ ముర్ముకు మొదటి ప్రాధాన్యంలోనే 6,76,803 వచ్చాయి. ఎవరూ గీత దాటకపోతే అట్టడుగు అభ్యర్థిని తొలగించి, ఆ బ్యాలెట్లను వాటిపై రాసిన తర్వాతి ప్రాధాన్యం ప్రకారం, పూర్తి విలువతో, మిగిలినవారికి పంచుతారు. ఒకరు గీత దాటేదాకా ఇది సాగుతుంది. 1969లో అలాగే జరిగింది. గెలుపుకు 4,18,169 కావాలి, వి.వి. గిరికి మొదట 4,01,515 మాత్రమే వచ్చాయి. అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి 3,13,548తో వెనకబడి ఉన్నా, మిగతావారి ఓట్లు పంచాక 4,05,427 దాకా ఎగబాకారు. గిరి 4,20,077తో గట్టెక్కారు. సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యారు. అప్పుడు ఏకగ్రీవం కావడంతో లెక్కింపు అవసరమే పడలేదు.