కాల్షియం లోహపు నమూనాను తూచే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్‌లో వానాకాలపు తేమ ప్రయోగశాల లోపలికీ చేరుతుంది కనుక, కాల్షియం ముక్కను అది నిల్వ ఉన్న నూనెలోంచి తీయకముందే త్రాసును సున్నాకు సరిచేసి, మూత ఉన్న పొడి సీసాను విడిగా తూచి, ఆ బరువును రాసి ఉంచుకోవాలి.

చేతి తొడుగులు, పట్టకారు పూర్తిగా పొడిగా ఉండాలి. తడి తగిలితే ఈ లోహం హైడ్రోజన్‌ను వెలువరిస్తూ, చర్మాన్ని దెబ్బతీసే కాల్షియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

ముక్కపై తెల్లటి పొర ఉంటే తూగిన బరువంతా లోహానిది కాదు. దాన్ని నూనెలోనే గీకి, మెరిసే భాగాన్ని తుడిచి, వెంటనే సీసాలో పెట్టి మూత బిగించాలి. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.55 గ్రాములే కాబట్టి ముక్క తేలికగా తూగినంత మాత్రాన త్రాసును అనుమానించనక్కరలేదు. ఘనపరిమాణం కోసం నీటిలో ముంచడం, ఎంత అలవాటైన పద్ధతి అయినా, ఇక్కడ ప్రమాదకరం.

ఈ లోహం అంటుకుంటే ఆ మంటలపై నీరు చల్లరాదు. పొడి ఇసుక చేతికందేలా ఉందో లేదో ముందే చూసుకోవాలి.