టీమ్స్‌లో గ్రీన్ లైట్ కోసం మౌస్ కదుపుతూ కూర్చోకండి

వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్ళకి ఒక మాట. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో (ఆఫీసు చాట్, కాల్స్ యాప్) ఓ 5 నిమిషాలు సిస్టమ్ ముట్టుకోకపోతే గ్రీన్‌గా ఉన్న స్టేటస్ పసుపు అయిపోద్ది కదా, అంటే సీట్లో లేరని, దానికి భయపడి చాలామంది మౌస్ జిగ్లర్లు (మౌస్ కదులుతున్నట్టు చూపించే చిన్న పరికరాలు) కొనేస్తున్నారు, అది కంపెనీ లాప్‌టాప్‌కి యూఎస్‌బీలో గుచ్చితే ఐటీ వాళ్ళకి దొరికిపోయే ఛాన్స్ ఉంది, 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఇలా కీబోర్డు కొడుతున్నట్టు నటించారని డజను మందికి పైగా తీసేసింది కూడా.

దానికన్నా తేలికైన పని ఉంది. టీమ్స్‌లో మీ ఫొటో మీద నొక్కితే స్టేటస్ మెసేజ్ వస్తుంది, అందులో "డిజైన్ డాక్ చదువుతున్నా, నాలుగింటి దాకా, అర్జెంటైతే కాల్ చేయండి" అని రాసేసి, అది ఎప్పుడు పోవాలో టైమ్ కూడా పెట్టేయండి. క్యాలెండర్‌లోనూ ఆ గంట బ్లాక్ చేయండి. ఇక పసుపైనా ఎవరూ అడగరు (అయినా అడిగే మేనేజర్లు ఉంటారు, వాళ్ళకి మందు లేదు).

సాయంత్రం లాగౌట్ అయ్యేముందు ఏం అయింది, ఎక్కడ ఆగింది అని రెండు లైన్లు పంపండి చాలు. రాయడానికి ఏమీ లేదంటే ఆరోజంతా మీటింగుల్లోనే పోయిందేమో చూసుకోండి, రేపటివాటిలో మీరు నోరు విప్పే అవసరం లేనిది ఒకటి డిక్లైన్ కొట్టి నోట్స్ పంపమనండి.