నగిషీల పాత స్పానిష్ గిటార్ కనబడితే ముందు తంత్రులు బిగించే బిరడలు లెక్కపెట్టండి

మ్యూజియంలోనో, వేలంపాట సైట్‌లోనో ముత్యపుచిప్ప, ఏనుగుదంతం పొదిగిన పాత గిటార్ కనబడితే కళ్లు నేరుగా ఆ నగిషీ మీదికే పోతాయి. పోనివ్వండి, తనివితీరా చూడండి. కానీ దాని వయసు, ఊరు తెలుసుకోవాలంటే మాత్రం తల దగ్గర, అంటే బిరడల దగ్గర మొదలుపెట్టాలి.

17వ శతాబ్దపు గిటార్‌కి ఐదు జంటల తంత్రులు ఉండేవి. అన్నిటికంటే సన్నని తంతి చాలాసార్లు ఒంటరిగానే ఉండేది కాబట్టి తొమ్మిదో పదో బిరడలు కనబడతాయి. గాస్పర్ సాన్స్ 1674లో జరగోసాలో తెచ్చిన గిటార్ పాఠాల పుస్తకం ఈ ఐదు జంటల వాద్యానికి రాసిందే. 18వ శతాబ్దం చివరికి స్పెయిన్‌లో ఆరో జంట చేరింది, 1800 అటూ ఇటూగా జంటలు పోయి ఇప్పుడు మనం చూసే ఆరు ఒంటి తంత్రులు వచ్చాయి. చిక్కేంటంటే, ఫ్యాషన్ మారినప్పుడల్లా పాతవాటిని కోసి కొత్త పద్ధతికి మార్చేశారు. వయొలిన్లకి పేరుపడ్డ స్ట్రాడివారి 1679లో చేసిన 'సబియోనారి' గిటార్‌ని కూడా ఆరు తంత్రులకి మార్చారు, ఈమధ్యే మళ్లీ ఐదు జంటలకి తెచ్చారు. అందుకే తల వెనక పూడ్చిన రంధ్రాలున్నాయేమో తప్పకుండా చూడండి.

తర్వాత మెట్లు. పాతవాటికి పేగు తంతినే మెడ చుట్టూ కట్టేవారు, లోహపు మెట్లు దిగగొట్టి ఉంటే అది తర్వాతి కాలపు పనో, మరమ్మతో. పైపలక మధ్యలోని నాదరంధ్రంలో తోలు కాగితంతో కత్తిరించిన పువ్వు మెట్లబావిలా అంచెలంచెలుగా లోపలికి దిగి ఉంటే మీరు బరోక్ కాలంలో, అంటే సుమారు 17వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం మధ్యదాకా సాగిన కాలంలో ఉన్నట్టే.

ఇక నగిషీ. ఒళ్లంతా దంతం, నల్లచేవ పట్టీలతో నిండిపోయి ఉంటే స్పెయిన్ అని వెంటనే అనేయకండి. ఆ రోజుల్లో ఐదు జంటల గిటార్ ఎక్కడ చేసినా ఇటలీవాళ్లు దాన్ని స్పానిష్ గిటార్ అనే అనేవారు, అంతటి ఆడంబరం ఎక్కువగా వెనిస్‌లో సెల్లాస్, పారిస్‌లో వొబోవామ్, హాంబర్గ్‌లో టీల్కే లాంటివాళ్ల చేతిలోది. స్పెయిన్‌లోని కాదిస్‌లో పజేస్, బెనెదిద్ కుటుంబాల పనిలో అలంకారం రంధ్రం చుట్టూ, తంత్రులు కట్టే బ్రిడ్జ్ దగ్గర, నల్లటి లక్కలాంటి పూతలో పొదిగిన ముత్యపుచిప్పగా ఉంటుంది. నాకైతే ఈ పొదుపే ఎక్కువ నచ్చుతుంది, పైపలక మోగడానికి చోటు మిగులుతుంది కదా.

ఫోన్ లైట్ వేసి, చిన్న అద్దంతో లోపల కూడా చూడండి. పైపలక అడుగున సన్నని కర్రలు విసనకర్రలా విచ్చుకుని ఉంటే అది స్పెయిన్ సంప్రదాయమని చెప్పడానికి మంచి ఆధారం. ఆ పద్ధతిని పూర్తిగా పండించినవాడు అల్మేరియాలో పుట్టిన ఆంతోనియో దె టోరెస్ (1817-1892). 1858లో సెవిల్ ప్రదర్శనలో కంచు పతకం తెచ్చిపెట్టిన ఆయన గిటార్ నగిషీలో ఏ రాజాస్థానపు వాద్యానికీ తీసిపోదు. అదే మనిషి 1862లో వెనక భాగం, పక్కలు అట్టతో చేసి, నాదం పైపలకలో ఉందని చూపించాడు! అది బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

లేబుల్‌ని చివర చూడండి, టోరెస్ పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఆయన 1870 ప్రాంతంలో సెవిల్ వదిలి అల్మేరియా వెళ్లి, 1875 నుంచి 'రెండో దశ' అని లేబుల్ వేసి మళ్లీ మొదలుపెట్టాడు, కాబట్టి సెవిల్ చిరునామాతో 1880 అని ఉంటే అనుమానించాల్సిందే.

కొనేదాకా వస్తే రెండు మాటలు. స్టీల్ తంత్రులు అస్సలు వేయకండి, ఆ లాగుడుకి బ్రిడ్జ్ ఊడి పైపలక చీలుతుంది. ఇంకోటి, దంతం, తాబేటిచిప్ప, బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉన్న వాద్యం దేశం దాటాలంటే సైటిస్ (అంతరించిపోతున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు కావాలి, ఇండియాలో దంతం వ్యాపారమే నిషేధం. అమెరికాలోనో యూరప్‌లోనో కొని ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే ఆ కాగితాలు అడిగి చూసుకోండి.