ఇద్దరు కూర్చునే పూలమడి: ప్రదర్శనలో పదడుగుల చోటు చాలు

పూల ప్రదర్శనలో చిన్న మడి దొరికితే చాలామంది దాన్ని రంగులతో కిక్కిరిసేలా నింపేస్తారు. జనం ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఇద్దరు కాసేపు కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోవాలంటే, లేదా ఏమీ మాట్లాడకుండా ఉండాలంటే, ముందు వాళ్లకు చోటు తీసి ఆ తర్వాత మొక్కల లెక్క వేయాలి. ఇక్కడ ఇచ్చిన కొలతలు జనవరిలో జరిగే ప్రదర్శనకు, నాలుగువైపులా 10 అడుగులున్న మడికి.

పీటలు ఎదురెదురుగా వేయొద్దు. పరిచయం లేనివాళ్లకు ఎదుటివారి చూపు బరువుగా ఉంటుంది. ముందువైపు ఒక మూలలో, 16 అంగుళాల ఎత్తు పీటలు రెండు ఎల్ ఆకారంలో వేయండి. ఇద్దరి చూపూ మధ్యలో ఉన్న నీళ్ల మీద కలుస్తుంది. తల కాస్త తిప్పితే మాట కలుస్తుంది.

ఈ మడికి ప్రాణం నీళ్ల తొట్టే. 2 అడుగుల వెడల్పు, 6 అంగుళాల లోతు చాలు. లోపల నీరు ఇంకని నల్ల రంగు వేయాలి. లేత రంగు వేస్తే తొట్టి అడుగు కనిపిస్తుందే గానీ ప్రతిబింబం కనిపించదు. 3 అంగుళాల మందం ఇటుకలు పరిచి దానిమీద తొట్టి పెడితే అంచు 9 అంగుళాల ఎత్తుకు వస్తుంది. పీట మీద కూర్చున్నవారి కళ్లు నీటికి సుమారు 3 అడుగుల పైన ఉంటాయి. తొట్టి అవతలి అంచు 4 అడుగుల దూరంలో ఉంటే, దానికి 2 అడుగుల వెనక ఉన్న మొక్క నేల నుంచి రెండుంపావు అడుగులు దాటినప్పుడే నీటిలో కనిపిస్తుంది. అంతకంటే పొట్టి మొక్కలు పెట్టి నీటిలో ఏమీ కనిపించడం లేదనుకుంటే లాభం లేదు.

నీళ్లే 40 కిలోలు దాటుతాయి కాబట్టి ఖాళీ తొట్టికే రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూడండి. అర అంగుళం వాలినా ఒకవైపు పొడి అంచు బయటపడుతుంది. నీళ్లు అంచుదాకా నింపాలి. ఫౌంటెన్ వద్దు, అల లేస్తే ప్రతిబింబం చెదిరిపోతుంది. జనవరి ఎండ దక్షిణం నుంచి వాలుగా పడుతుంది. కూర్చునేవారి వీపు దక్షిణానికి ఉంటే నీటి మెరుపు కళ్లలో పడదు. దోమలు పెరగకుండా రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి.

ప్రదర్శన స్థలంలో తవ్వనివ్వరు. 6 అంగుళాల ఎత్తున ఇటుక అంచు కట్టి, కుండీలను కుండీలుగానే నిలిపి, సందుల్లో కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) నింపాలి. మొక్కలకు మిగిలే సుమారు 60 చదరపు అడుగులకు 5 కిలోల కోకోపీట్ దిమ్మలు 8 పడతాయి. పైపొర ఆరితే కుండీల అంచులు తేలతాయి, రోజూ తడపాలి.

వెనక 4, 5 అడుగుల నందివర్ధనాలు 5. అవే గాలిని ఆపుతాయి, నీటిలో కనిపించేవీ అవే. మధ్యలో తెల్ల చేమంతి 40, తులసి 12. చేతికి అందే చోట మరువం 30, తాకితే వాసన వస్తుంది. నిమ్మగడ్డి పెడితే వెనక మూలకే, దాని ఆకు అంచు చెయ్యి కోస్తుంది. ఎరుపు దూరం నుంచి జనాన్ని లాగుతుంది గానీ కూర్చున్నవాళ్ల చూపును నిలవనివ్వదు. తెలుపు, ఆకుపచ్చ చాలు.

కడియం నర్సరీల నుంచి తెచ్చే మొక్కలు రెండు వారాల ముందే చేరాలి, ప్రయాణంలో వాడినవి తేరుకోవాలి. మూడోవంతు మొగ్గలు విచ్చిన చేమంతినే ఎంచండి. ప్రతి పదికీ ఒకటి అదనంగా తెచ్చుకోండి. మీరే పెంచుతుంటే, మొగ్గ తొడిగే రోజుల్లో వీధిదీపం వెలుగు పడని చోట ఉంచండి. చేమంతికి నిడివైన చీకటి రాత్రులు కావాలి, వెలుగు పడితే పూత ఆలస్యమవుతుంది.