పగటి వెలుగు చికిత్సకు ముందు చూసుకోవాల్సినవి

ఎండకు దెబ్బతిని గరుకుగా పొలుసుకట్టిన మచ్చలపై మందు క్రీం రాసి, 2 గంటలు ఆరుబయట ఉంచే చికిత్స ఇది. మన ఛాయవాళ్లకు ఈ మచ్చలు తక్కువే. పుట్టుకతోనే చర్మంలో రంగు లేనివాళ్లకు ఎక్కువ. రాయగడ, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు ఈ చలికాలం చేయించుకోబోయేవాళ్లు ఇవి చూసుకోండి.

మచ్చ గట్టిపడి గడ్డలా లేచినా, రక్తం కారినా, పుండు మానకపోయినా ముందు ముక్క తీసి పరీక్ష చేయించండి. అది క్యాన్సరైతే పైపూత క్రీంతో విలువైన నెలలు పోతాయి.

సన్‌స్క్రీన్ డబ్బా వెనక చదవండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉంటే వద్దు. తెల్లగా పూత పట్టే ఈ రకాలు మందుకు కావాల్సిన వెలుగునే ఆపేస్తాయి. అవి లేనిది, ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది, క్రీంకి ముందే రాయాలి.

క్రీం రాసిన అరగంటలోపు బయటకు రావాలి. ఆలస్యమైతే మందు చర్మంలో పేరుకుని మంట బాగా ఎక్కువవుతుంది.

తలమీద మచ్చలుంటే తువ్వాలు, టోపీ వద్దు.

పలచటి మబ్బు ఫర్వాలేదు. వాన, 10 డిగ్రీలలోపు చలి అయితే వాయిదా వేయండి. కొరాపుట్ కొండల్లో జనవరి ఉదయాలు అంత చలిగానే ఉంటాయి.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, కొన్ని బీపీ మాత్రలు వాడితే చర్మం ఎండకు త్వరగా మండుతుంది. వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపకండి.

విశాఖలోనో బరంపురంలోనో చేయించుకుంటే ఆ పగలు తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. క్రీం కడిగాక కూడా ఆ రోజంతా నీడపట్టునే ఉండాలి, బస్సు కిటికీ వెలుగు చాలు చర్మం మండటానికి.